ఊ అనేదాకా

ఆ ప్రెస్సులో ఆవిడని అందరూ కామాలత్త అనేవాళ్ళు. పేరు పెట్టింది వీధిలో పిల్లలే గానీ, పెద్దవాళ్ళు కూడా సిగ్గు లేకుండా అదే పట్టుకున్నారు. వాళ్ళనీ అనలేం. ఎవరు చేసుకున్నది వాళ్ళకే అన్నట్టు, ఆ పేరు ఆవిడ తన నోటితో తాను తెచ్చుకున్నదే.

ఆవిడ ఉద్యోగం చదవడం. చదవడమంటే మీరూ నేనూ కాలు మీద కాలేసుకుని చదువుకోవడం కాదు. రచయిత రాసిచ్చిన కాగితాలు ఆవిడ చేతిలో ఉంటాయి. వాటిని చూసి అక్షరాలు పేర్చి తీసిన ప్రూఫు, ఎదురు కుర్చీలో ప్రూఫు మాస్టారి ముందు ఉంటుంది. ఆవిడ పైకి చదువుతూ పోతే, ఆయన ప్రూఫు మీద వేలు జరుపుకుంటూ, తప్పు దొరికితే ఎర్ర సిరాతో దాని పని పట్టి, లైను సరిగ్గా ఉంటే "ఊ" అంటారు. ఆ "ఊ" వినబడేదాకా ఆవిడ తరవాతి లైనుకి పోకూడదు. అది ఆ గది చట్టం. పైగా మాటలొక్కటే చదివితే సరిపోదు. కామా ఉంటే కామా అనాలి, ప్రశ్న గుర్తుంటే ప్రశ్న గుర్తు అనాలి, పేరా మారితే కొత్త పేరా అని చెప్పాలి. పొద్దస్తమానం అదే పని కావడంతో అది ఆవిడ నాలిక్కి అంటుకుపోయింది. కూరల కొట్లో నిలబడి "అరకేజీ ఉల్లిపాయలు కామా పావుకేజీ పచ్చిమిరపకాయలు ఫుల్‌స్టాప్" అని కొట్టువాడిని హడలగొట్టిన మనిషి. ఇంక కామాలత్త కాక ఏమవుతుంది?

ఇంత చదివిన మనిషికి ఎన్ని కథలు తెలిసుండాలి! ఒక్కటీ తెలియదు. ఉద్యోగంలో చేరిన కొత్తలోనే మాస్టారు ఆవిడకి గట్టిగా చెప్పారు. "అమ్మాయ్, అర్థం జోలికి పోకు. దాని వెంటపడ్డావంటే కళ్ళు ముందుకి ఉరుకుతాయి, అక్షరం వెనకపడుతుంది. నోరు చదవాలి, నువ్వు చదవకూడదు." ఆవిడ ఆ మాట తు.చ. తప్పకుండా పాటించింది. పుస్తకం ఎలా ఉందని ఎవరైనా అడిగితే, "కొటేషన్ గుర్తులు ఎక్కువున్నాయి, మనుషులు బాగా మాట్లాడుకునే పుస్తకం" అనేది. ఒక్క ముక్కయినా గుర్తులేదా అని వెక్కిరిస్తే, "గరిటెకి కూర రుచి తెలుస్తుందట్రా?" అని నవ్వేసేది. ఆ నవ్వులో చిన్న ముల్లు ఉండేది. ఆవిడే దాన్ని పట్టించుకోకపోతే మనకెందుకు లెండి.

తుఫాను వస్తుందని రేడియో కొన్నాళ్ళుగా చెవిలో జోరీగలా చెబుతూనే ఉంది. ఎవరు వింటారు? చెప్పేవాడికి వినేవాడు లోకువ, వినేవాడికి చెప్పేవాడు లోకువ. ఆ రోజు పొద్దున సముద్రం వైపు ఆకాశం కమిలిన దెబ్బలా నల్లబడి, వీధిలో రేకులు గజగజలాడడం మొదలెట్టాక గానీ జనం కదల్లేదు. ఆ చుట్టుపక్కల గట్టి కట్టడం అంటే ప్రెస్సే. మెషిన్ల బరువు మోయాలని మందపాటి రాతిగోడలతో కట్టారు దాన్ని. అందులోనూ ప్రూఫు గది భవనం నడిమధ్య, కిటికీ అన్నది లేకుండా ఉంటుంది, బయటి సద్దు లోపలికి రాకూడదని. అందుకని పనివాళ్ళు తమ పిల్లల్ని అక్కడికి చేర్చారు.

అందరికన్నా చివర వచ్చినవాడు లైన్‌మన్. వీధి చివర ఉంటాడు. నడుముకి బెల్టు, భుజాన తాడు, ఒక చేత్తో కూతుర్ని రెక్క పట్టుకుని లాక్కొచ్చాడు. ఆ పిల్లని పిచ్చుక అంటారు. ఒకచోట కుదురుగా నిలబడగా చూసినవాళ్ళు లేరు. తల్లి ఆసుపత్రిలో ఆయా, గాలివాన రోజున వార్డు వదిలి రావడం కుదరదు.

"అక్కా, కరెంటు తీసేయడానికి పోవాలి. తెగిన తీగ వీధిలో పడిందంటే మనుషులు మాడిపోతారు. ఇది నీ దగ్గర ఉంటుంది," అన్నాడు.

"దానికేం భాగ్యం తమ్ముడూ, ఉంచు."

"ఉంచడం కాదక్కా. దీనికి కాళ్ళు నిలవవు. నేను వచ్చేదాకా గడప దాటనివ్వకు. మధ్యలో గాలి ఠక్కున ఆగిపోతుంది. అయిపోయిందనుకుని జనం బయటికి వస్తారు. నమ్మొద్దు. కాసేపటికి రెండో వైపు నుంచి మళ్ళీ కొడుతుంది, ముందుకన్నా గట్టిగా. నాకు మాటివ్వు."

కామాలత్త మాటిచ్చింది. పిచ్చుక ఇదంతా తలెత్తి వింది. తండ్రి వంగి ఆ పిల్ల నుదురు మీద వెంట్రుకలు వెనక్కి నెట్టి, "వచ్చేస్తా," అని చెప్పి వానలోకి దూకాడు. కాసేపటికి గదిలో బల్బు ఆరిపోయింది. "మా నాన్నే ఆర్పాడు," అంది పిచ్చుక గర్వంగా. ఆ తరవాత ఇంక కాలుకాలిన పిల్లే.

పెద్దవాళ్ళందరూ మెషిన్ల హాల్లో కాగితం రీముల్ని నేల మీంచి బల్లల మీదికి ఎక్కిస్తున్నారు, నీళ్ళు లోపలికి వస్తాయని. ప్రూఫు గదిలో మిగిలింది కామాలత్తా, మోకాళ్ళ నొప్పుల మాస్టారూ, ఒక లాంతరూ, ఈ వానరసైన్యమూ. మెషిన్‌మన్ కొడుకు బొండం ఏదో ఒకటి నములుతూ ఉంటాడు. బైండరు కూతురికి ఎందుకమ్మ అని పేరు, ఎందుకు అనకుండా వాక్యం పూర్తి చేయదు కనుక. అక్షరాలు పేర్చే కంపోజిటర్ కవలలిద్దరూ ఏడ్చినా నవ్వినా జంటగానే. వీళ్ళు చాలక పిచ్చుక. బయట గాలి ఈలలు దాటి, కేకలు దాటి, ఇప్పుడు ఏ మనిషీ ఏ జంతువూ చేయలేని చప్పుడు చేస్తోంది. రాతిగోడ మీద అరచెయ్యి పెడితే లోపల్నుంచి సన్నగా వణుకు తెలుస్తోంది. కవలలు ఏడుపు మొదలెట్టారు. బొండం నమలడం మానేశాడు. పిచ్చుక నాలుగుసార్లు గుమ్మం దాకా పోయింది, కామాలత్త నాలుగుసార్లు జుట్టు పట్టుకుని వెనక్కి లాక్కొచ్చింది.

"వీళ్ళకేదన్నా చెప్పమ్మా, చెవులు పోతున్నాయి నాకు!" అని మాస్టారు కసిరారు.

"నాకేం వచ్చని చెప్పమంటారు?"

"చెప్పడం రాకపోతే చదువు. రోజూ చేసేదదేగా!"

బల్ల మీద చేతికి అందిన కాగితాల కట్ట తీసుకుంది. పిల్లల కోసం ఎవరో రాసిన కథ, ఆ వారం పనిలోకి వచ్చింది. లాంతరు దగ్గరికి జరుపుకుని, గొంతు సవరించుకుని, ఎప్పటిలాగే మొదలెట్టింది.

"ఒక కొండ వెనక ఒక ఊరు ఉండేది ఫుల్‌స్టాప్. ఆ ఊరిలో అన్నీ ఉన్నాయి కామా గంట ఒక్కటే లేదు ఫుల్‌స్టాప్." అని ఆగింది. మాస్టారు ఊ అనాలిగా మరి.

పిల్లలు నోళ్ళు తెరుచుకుని చూశారు. ముందు బొండం కిసుక్కుమన్నాడు. తరవాత అందరూ పకపకా నవ్వారు. ఏడుస్తున్న కవలలు ఏడుపులోంచే నవ్వులోకి దిగారు.

"ఎందుకు ఆగిపోయావత్తా?" అంది ఎందుకమ్మ.

"ఊ అంటేనే ముందుకి పోయేది. ఇక్కడి రూలు."

"ఎవరు అనాలి?"

"వింటున్నవాళ్ళందరూ."

"ఊ," అన్నారు పిల్లలు. ఎవరి ఊ వాళ్ళదే. బొండానిది ముక్కులోంచి వస్తుంది. కవలలది ఒక్కటే ఊ, రెండు నోళ్ళతో. ఎందుకమ్మ ఊ అన్నా కూడా ప్రశ్న అడిగినట్టే ఉంటుంది. పిచ్చుక ఊ సన్నగా, లైను పూర్తి కాకముందే తొందరపడి వచ్చేస్తుంది. ఎప్పుడూ ఒక్క ఊకి అలవాటు పడ్డ కామాలత్త చెవులకి ఇన్ని ఊలు ఒక్కసారి వినబడేసరికి ఒళ్ళు ఝల్లుమంది.

కథ ఏమిటంటే, ఆ కొండ దారిలో ఎప్పుడూ మంచు కమ్మి ఉంటుంది. పొలాలకీ సంతలకీ పోయినవాళ్ళు దారి తెలియక తప్పిపోతుంటారు. గంట ఉంటే దాని చప్పుడు పట్టుకుని ఇంటికి చేరవచ్చు. అందుకని ఒక బండివాడు ముసలి ఎద్దుని కట్టుకుని పెద్ద గంటని కొండ ఎక్కిస్తున్నాడు. చిక్కేమిటంటే, కొండ మీద దారికి అడ్డంగా ఒక రాక్షసుడు నిద్రపోతున్నాడు. గంట మోగిందా, వాడు లేస్తాడు. అందుకని బండివాడు గంట నాలుకకి తన చొక్కా విప్పి చుట్టాడు.

"చలెయ్యదా?" అన్నాడు బొండం.

"ఎయ్యకేం," అనేసింది కామాలత్త. అని ఉలిక్కిపడింది. అది కాగితంలో లేదు. అడిగాడు కదా అని తను ఆలోచించి చెప్పింది. అంటే బండివాడికి చలేస్తున్న సంగతి తనకి తెలుసు! ఇదెలా జరిగింది? ఇన్నేళ్ళూ అక్షరాలు ఆవిడ నోట్లోంచి మాస్టారి చెవిలోకి దారేపోయే జనంలా వెళ్ళిపోయేవి. ఇవాళ ఎవరో తలుపు తోసుకుని లోపలికొచ్చి కూర్చున్నారు. కొండ కనిపిస్తోంది. మంచు కనిపిస్తోంది. ఎద్దు మూపు మీద కాడి ఒరుసుకుపోయిన పుండు కనిపిస్తోంది. రాసినాయన ఆ పుండు సంగతి రాయనే లేదు. మరి ఎక్కడ్నుంచి వచ్చిందది? భయమేసింది ఆవిడకి. భయమని కూడా కాదు. గర్భంలో మొదటిసారి బిడ్డ కదిలితే తల్లి ఎలా బిక్కచచ్చి, ఊపిరి బిగపట్టి, చెయ్యి వేసి చూసుకుంటుందో అలాంటిది.

పైన ఏదో పెద్ద రేకు చీరుకుపోయింది. అక్షరాలు పేర్చే షెడ్డు కప్పు కాబోలు. ఒక్క పిల్లా తలెత్తలేదు. రాక్షసుడి చెవి పక్కనుంచి బండి పోతోంది మరి. "రాక్షసుడి ఊపిరికి ఎద్దు తోక ఊగింది ఫుల్‌స్టాప్," అంది కామాలత్త గుసగుసగా. ఎప్పుడూ ఒకే గొంతుతో చదివే మనిషి, గుసగుసలాడింది.

"ఊ," అన్నారు పిల్లలు అంతకన్నా గుసగుసగా.

ఆ తరవాతి లైను చదువుతూ ఉంటే ఆవిడకి తన గొంతు తనకే మరీ పెద్దగా వినిపించింది. గాలి ఆగిపోయింది. తగ్గలేదు, ఆగింది, పిడికిట్లో పట్టుకున్నట్టు.

హాల్లోంచి మెషిన్‌మన్ కేకేశాడు. "అయిపోయింది! ఎండొచ్చింది, రండి చూద్దురు గాని!" వాడి తెలివి తెల్లారినట్టే ఉంది, వీధి తలుపు బార్లా తీశాడు. పిల్లలు పొలోమని హాల్లోకి పరిగెత్తారు. "ఒరే, రండిరా వెనక్కి! ఆ తలుపు మూసెయ్యవయ్యా, నీకు పుణ్యముంటుంది! అది అయిపోలేదు!" అని కామాలత్త అరిచి, ఒక్కొక్కణ్ణీ వీపు మీద తట్టి మళ్ళీ గదిలోకి తోలుకొచ్చింది. మాస్టారు కూడా "అయిపోయినట్టే ఉంది కదమ్మా," అని సణిగారు. ఆయన మాటకి ఎదురు చెప్పి ఎరగని మనిషి, "మీరూరుకోండి మాస్టారూ," అనేసింది. లాంతరు వెలుగులో అందరూ గుంపుగా కూర్చున్నారు. ఆవిడ కాగితం తీసుకుంది.

"బండి చక్రం కింద ఒక రాయి కదిలింది ఫుల్‌స్టాప్."

ముక్కు ఊ వచ్చింది. జంట ఊ వచ్చింది. ప్రశ్న ఊ వచ్చింది. అందరికన్నా ముందు రావాల్సిన సన్న ఊ రాలేదు.

కామాలత్తకి లాంతరు ఎత్తి చూడనక్కర్లేకపోయింది, చెవులు ముందే చెప్పేశాయి. చేతిలో కాగితాలు అలాగే పట్టుకుని హాలు దాటి, అప్పుడే వేసిన తలుపు గడియ తీసి వీధిలోకి వచ్చింది. వెనక నుంచి మెషిన్‌మన్ ఏదో అరుస్తున్నాడు, ఆవిడకి వినబడలేదు.

వీధి వీధిలా లేదు. మడమలు మునిగే నీళ్ళు. పాల వ్యాను ఒకటి ఎవరో తీసి పెట్టినట్టు గోడకి ఆనుకుని వంకరగా నిలబడింది. స్తంభాలు తలలు వాల్చేశాయి, తీగలు నీళ్ళలో పడి ఉన్నాయి. వాటిలో కరెంటు లేదు. అది ఎవరి పుణ్యమో ఆవిడకి తెలుసు.

"పిచ్చుకా! ఒసే పిచ్చుకా!"

జవాబు లేదు. ఉండదు కూడా. పలికితే పట్టుకుపోతారని ఆ మాత్రం తెలియని పిల్లా అది? ఎటు పోయిందని వెతకాలి? కుడికా, ఎడమకా? గాలి మళ్ళీ ఎప్పుడు మీద పడుతుందో! ఇచ్చిన మాట ఇలా తగలడింది. చేతిలో కాగితాలున్నాయి. చేతనైంది అదొక్కటే. ఆ పాడుబడ్డ వీధి నడిమధ్య, నీళ్ళలో నిలబడి, గొంతెత్తి చదవడం మొదలెట్టింది.

"బండి చక్రం కింద ఒక రాయి కదిలింది ఫుల్‌స్టాప్. బండి పక్కకి ఒరిగింది కామా తాడు తెగింది ఫుల్‌స్టాప్. గంట నాలుకకి చుట్టిన చొక్కా జారడం మొదలెట్టింది ఫుల్‌స్టాప్."

ఆగింది. ఎప్పుడూ ఆగినట్టే ఆగింది. ఆ నిశ్శబ్దంలో నీటి బొట్టు రాలినా వినబడుతోంది.

"ఊ."

నోరు జారి వచ్చిన ఊ. పాల వ్యాను వెనక నుంచి.

కామాలత్త వెళ్ళి రెక్క పుచ్చుకుంది. కొట్టడానికి చెయ్యెత్తింది కూడా. కానీ పిల్ల ఆవిడ వైపు చూడ్డం లేదు, తలెత్తి పైకి చూస్తోంది. "అత్తా, అదేంటి?" అంది.

కామాలత్త తలెత్తింది. ఎత్తిన చెయ్యి అలాగే ఉండిపోయింది.

బావి అడుగున నిలబడి పైకి చూస్తున్నట్టుంది. చుట్టూతా మబ్బులు గోడల్లా లేచి నిలబడ్డాయి, నిట్టనిలువుగా, తెల్లగా, ఎంత ఎత్తో చెప్పడానికి మాట లేదు. ఆ గోడలు మెల్లగా, అన్నీ కలిసి, ఒకేవైపు తిరుగుతున్నాయి. పైన గుండ్రంగా నీలం ఆకాశం, కడిగి ఆరేసినట్టు. అందులోంచి ఎండ తిన్నగా వీధిలో పడుతోంది, పగిలిన పెంకుల మీదా, నీళ్ళ మీదా, ఆ పిల్ల మొహం మీదా. ఆ నీలంలో పక్షులు! వందలు, వేలు, సముద్రం మీద తిరిగే తెల్లటి పక్షులు. గాలి గోడల మధ్య చిక్కుకుపోయి, అరవకుండా, అలవకుండా చుట్లు కొడుతున్నాయి. ఎంత దూరం నుంచి వాటిని ఈ తుఫాను ఒళ్ళో పెట్టుకుని తెచ్చిందో! ఇంతటి దాని కింద తానొక మనిషి, చేతిలో నాలుగు కాగితాలు పట్టుకుని నిలబడి ఉంది. ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఎందుకని అడిగితే చెప్పలేకపోయేది. ఇంత ఉందా లోకంలో, ఇంత ఉందా అనుకుంది, అంతే.

"నాన్నకి ఎదురెళ్దామని వచ్చా," అంది పిచ్చుక. "గాలి ఆగుతుందని చెప్పాడుగా."

"మళ్ళీ కొడుతుందని కూడా చెప్పాడుగా. ఆ ముక్క వినపడలేదా?"

"నాన్న బయట ఉన్నాడు కదత్తా."

ఆవిడ మోకాళ్ళ మీద నీళ్ళలో కూర్చుని పిల్ల మొహం చేతుల్లోకి తీసుకుంది. "మీ నాన్నకి నువ్వెక్కడున్నావో తెలుసు. ఎక్కడున్నా అక్కడికే వస్తాడు. నువ్వు కదిలిపోతే నిన్ను ఎక్కడని వెతుక్కుంటాడే తల్లీ?"

పిచ్చుక ఆలోచించింది. అంతలో వీధికి రెండో చివర, ఇందాక గాలి రాని వైపు, ఎక్కడో దూరంగా బరువైన రైలేదో వస్తున్నట్టు హోరు మొదలైంది. పక్షుల గుంపు ఒక్కసారి అటు నుంచి ఇటు మళ్ళింది. ఎండ ఆరిపోయింది. కామాలత్త పిల్లని చంకనేసుకుని పరిగెత్తింది. ఆ వయసులో ఆ పరుగు ఎవరైనా చూసుంటే నవ్వేవాళ్ళు. మెషిన్‌మన్ తలుపు మూసి గడియ వేసి, తన వీపు ఆనించాడో లేదో, రెండో గాలి వచ్చి దాన్ని గుద్దింది.

గదిలో మాస్టారు నిలబడి ఉన్నారు, మోకాళ్ళ నొప్పులు మరిచిపోయి. ఆవిడని చూడగానే కుర్చీ జరిపారు.

"చొక్కా జారడం మొదలెట్టింది, తరవాత?" అన్నారు పిల్లలు. కామాలత్త చీర అంచు పిండుకుని, కాగితం తిప్పి చదివింది. "బండివాడు గంట నాలుకని రెండు చేతులతో పట్టుకుని". అక్కడితో ఆగిపోయింది.

"ఊ," అన్నారు పిల్లలు. "ఊ! ఊ అన్నాం కదత్తా!"

తిప్పడానికి కాగితం లేదు. ఇది మామూలు మనుషులెవరూ చేయని తప్పు. మీరూ నేనూ అయితే కథ మొదలెట్టే ముందు చివర ఉందో లేదో చూసుకుంటాం. ఆ గదికి రాతప్రతి ఎప్పుడూ ముక్కలుముక్కలుగానే వస్తుంది. పేర్చినంత మేర వాళ్ళ దగ్గరికి, మిగతాది షెడ్డులో. చేతికొచ్చింది చదవడం, మధ్యలో ఆపడం వాళ్ళకి రోజూ ఉన్నదే, ఏనాడూ ఆవిడకి తరవాతేమైందని బెంగ పుట్టలేదు. ఆ మిగతా కాగితాలు ఇందాక చీరుకుపోయిన రేకుతో పాటు ఏ సముద్రంలో పడ్డాయో. దానికి తోడు లాంతరు ఒకసారి రెపరెపలాడి ఆరిపోయింది. అగ్గిపెట్టె తడిసిపోయింది. కటిక చీకటి. గోడలు మూలిగాయి. కవలలు రాగం తీశారు. పిచ్చుక ఆవిడ ఒళ్ళోంచి లేవబోతోంది, ఆ చిన్ని కాళ్ళు బిగుసుకోవడం తొడల మీద తెలుస్తోంది.

"చదువమ్మా," అన్నారు మాస్టారు చీకట్లోంచి.

"లేదండీ, కాగితం."

"నాకు తెలుసు. చదువు."

ఆవిడ నోరు తెరిచింది. ఏం వస్తుందో తెలియదు. అయినా వచ్చింది. "గంట నాలుకని రెండు చేతులతో పట్టుకుని కామా ఇక లాభం లేదని వదిలేశాడు ఫుల్‌స్టాప్. గంట మోగింది ఫుల్‌స్టాప్. రాక్షసుడు లేచాడు ఫుల్‌స్టాప్." ఊలు వచ్చాయి, వణుకుతూ. ఒళ్ళో సన్న ఊ కూడా వచ్చింది. ఇంక ఆవిడ ఆగలేదు. రాక్షసుడు లేచి కళ్ళు నులుముకుని, అబ్బ, ఇన్నాళ్ళకి ఒక్కడు నన్ను లేపాడ్రా అన్నాడు. అందరూ మునివేళ్ళ మీద పోయేవాళ్ళే గానీ, ఏం బాబూ తిన్నావా అని అడిగినవాడు లేడు. కదిలితే జనం జడుసుకుంటారని కళ్ళు మూసుకుని పడుకున్నాను గానీ, నాకు నిద్రెక్కడిదయ్యా అన్నాడు. బొండం గట్టిగా నిట్టూర్చాడు. రాక్షసుడు బండినీ ఎద్దునీ అరచేతిలో పెట్టుకుని, గంటని వేలితో ఎత్తి మోగించాడు. మోగించిన ప్రతిసారీ మంచులోంచి తప్పిపోయిన మనిషొకడు బయటికి వచ్చాడు. ఎవరు చెబుతున్నారు ఇదంతా? తనేనా? నూతిలో చేద వేస్తే ఖాళీగా పైకి రావడమే తప్ప ఎరగని మనిషికి, ఈసారి బరువు తగిలి చేతులు లాగేస్తున్నట్టుంది. ఇన్నేళ్ళు నోట్లోంచి వెళ్ళిపోయాయనుకున్నవన్నీ ఎక్కడికీ పోలేదు, లోపలే అడుగున ఊరుతూ ఉన్నాయి.

"అందరూ వచ్చారు కామా ఇంకొక్కడు మిగిలాడు ఫుల్‌స్టాప్," అంది. అనేశాక నాలుక కరుచుకుంది.

ఊలు వచ్చాయి. ఒళ్ళో ఊ రాలేదు.

"ఆ ఒక్కడూ వస్తాడా?" అంది పిచ్చుక. "ముందు అది చెప్పు. అప్పుడు ఊ అంటా."

వస్తాడని చెప్పేయడం ఎంతసేపు? కథే కదా! కానీ ఆ పిల్ల అడుగుతున్నది కథ గురించి కాదు. రాకపోతే? ఇవాళ తన నోటితో వస్తాడని చెప్పి, రేపు ఆ మొహం ఎలా చూడాలి? కాగితంలో లేనిది చదవకూడదు, అది ఆ గదిలో అన్నిటికన్నా పాత చట్టం. బయట గాలి తెరలుతెరలుగా విరుగుతోంది. హాల్లో ఏదో చప్పుడు, తలుపేమో, రీము పడిందేమో.

"గంట మళ్ళీ మోగింది ఫుల్‌స్టాప్," అంది కామాలత్త. తనకి తెలిసింది అంతవరకే.

ఎవరూ ఊ అనలేదు. పిచ్చుక అనేదాకా తామూ అనకూడదని పిల్లలకి ఎవరు చెప్పారో! చీకట్లో అలా ఆగిపోయారు అందరూ. ఆవిడా ఆగింది, ఊ అనేదాకా ముందుకి పోకూడదు కదా.

"ఊ," అని వినబడింది.

ముక్కు ఊ కాదు, జంట ఊ కాదు, మాస్టారిదీ కాదు. గుమ్మం దగ్గర్నుంచి, చలికి పళ్ళు టకటకలాడుతున్న మగగొంతు. కథ మధ్యలో వచ్చాను, పాడు చేయడమెందుకని మెల్లగా కలిపిన ఊ.

ఒళ్ళో బరువు లేచి ఎగిరిపోయింది. చీకట్లో ఎవరి కాళ్ళో తొక్కుకుంటూ, ఎవరి మీదో పడుతూ, "నాన్నా!" అని ఒకే కేక. తడిసిన బెల్టు ఇత్తడి కట్టు నేలకి తగిలిన చప్పుడు. "గడప దాటలేదు కదా?" అని ఆ గొంతు అడిగింది. తలుపు తీసి అతని వెనకే వచ్చిన మెషిన్‌మన్ చటుక్కున దగ్గాడు.

కామాలత్త రెండు చేతులతో మొహం కప్పుకుంది. ఎంత చీకటైతే మాత్రం, ఆడమనిషి ఏడిస్తే పిల్లలకి తెలియదా?

"అత్తా, తరవాత?" అంది ఎందుకమ్మ. "ఎందుకు ఆపేశావు? ఆ ఒక్కడూ?"

ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుంది. "ఆ ఒక్కడూ ఇంటికొచ్చేశాడు," అంది.

ఫుల్‌స్టాప్ అనడం మరిచిపోయింది. తప్పు పట్టడమే బతుకైన మాస్టారు ముందుకి వంగారు. ఈసారి అందరి ఊల కన్నా ముందు వినబడింది ఆయన ఊ.